పక్కకు పడుకోబెట్టిన చిత్రిక

జీర్ణపురి సంతలో దొరకని పాత వస్తువంటూ లేదు. కూలిన కోటల సింహద్వారాలు, ఓడిన రాజుల ముత్యాల ఛత్రాలు, ఏ స్వయంవరానికో బయలుదేరి దారిలోనే చక్రం పోగొట్టుకున్న రథాలు, ముక్కులు విరిగినా నవ్వు మానని పాలరాతి అప్సరసలు, తంత్రులు తెగిన వీణలు, చిలకలు ఎగిరిపోయిన పసిడి పంజరాలు మూడు వీధుల పొడవునా గుట్టలుగా పడి ఉంటాయి. ఎండ పడితే ఆ ఇత్తడీ ఆ గాజూ కళ్లు మిరుమిట్లు గొలుపుతాయి. అంత వైభవం ఉన్న సంతలో గొంతెత్తి బేరమాడేవాడు మాత్రం ఒక్కడూ ఉండడు. కొనేవాడు గుసగుసగా అడుగుతాడు, అమ్మేవాడు అంతకన్నా మెల్లగా చెబుతాడు. మూడో వీధి చివర ఉన్న పనిముట్ల అంగడి వైపు ఎవరూ కన్నెత్తి చూడరు.

సరిగ్గా ఆ అంగడికే బయలుదేరాడు మన రేచన. అప్పటికి రెండో జాము ఎండ చురచురలాడుతోంది. తలకు జలతారు పాగా, చెవులకు కెంపుల పోగులు, ఒంటికి చీనాంబరం. ఎవరైనా అడిగితే అతను ముక్తాద్వీపం నుంచి వచ్చిన రత్నాల వర్తకుడు మరకతశ్రేష్ఠి. నిజానికి పుట్టు వడ్రంగి. వేళ్ల మీద కాయలు కనబడకుండా పది వేళ్లకూ ఉంగరాలు తొడిగాడు. అరచేతులు నల్లబడేదాకా గోరింటాకు పెట్టుకున్నాడు. ఇంత చేసినా భయం మాత్రం ఏ గోరింటాకుకీ లొంగలేదు.

భయం ఉండదూ మరి? ఏడేళ్లుగా శృంగాటక రాజ్యంలో వడ్రంగి అన్నవాడు బతికి బట్టకట్టడం లేదు. మాంత్రికుడు క్రకచుడు తన ప్రాణాన్ని ఏదో ఒక చెట్టు మానులో దాచుకున్నాడు. ఆ మానును తెరవగలిగేవాడు ఎప్పటికైనా వడ్రంగే కదా అని రాజును గుప్పిట్లో పెట్టుకుని, ఇంటింటా బాడిసలూ రంపాలూ చెక్క నునుపుచేసే చిత్రికలూ లాగించి జీర్ణపురికి చేర్పించాడు. అంతటితో ఊరుకున్నాడా? దారుల పక్కన మంత్రించిన మొద్దులు పడేయించాడు. వాటిమీద బాడిస వేసినవారి ఒంటికి బెరడు పుట్టుకొస్తుంది.

రేచన అక్క చెంగల్వ ఏడు రోజుల కిందట అలాంటి మొద్దు మీద, ఇంట్లో దాచుకున్న బాడిస వేసింది. మొదటిరోజు పాదాలకు పుట్టిన బెరడు ఈ ఉదయానికి గడ్డం దాకా ఎక్కింది. పొద్దు కుంకేసరికి నోరూ ముక్కూ మూసేస్తుంది. తల్లీ తండ్రీ లేని రేచనను చంకనెత్తుకుని పెంచింది ఆ అక్కే. ఆ బెరడును చర్మానికి గాటు పడకుండా లేపగలిగేది లోకంలో ఒక్కటే ఉంది, వాళ్ల తాత దేవళాచారి చేసిన వెన్నచిత్రిక. చిత్రిక పడితే చెక్క మీద వెన్న తీసినట్టు పొర లేస్తుందని దానికా పేరు. అది ఈ అంగడిలోనే ఎక్కడో ఉంది.

"రండి దొరవారూ, దయచేయండి!" అంటూ అంగడివాడు ఎదురొచ్చాడు. పొట్టిగా, బొద్దుగా, నోటినిండా తాంబూలంతో చూడటానికి మంచివాడిలాగే ఉన్నాడు. "ఎండన పడి వచ్చారు. మజ్జిగ పుచ్చుకుంటారా?"

"మజ్జిగ తరవాత" అన్నాడు రేచన, గొంతులో లేని దర్పం తెచ్చుకుని. "మా దీవిలో ప్రభువులకు పాత పనిముట్లు గోడలకు తగిలించుకునే సరదా పట్టింది. చిత్రికలేమైనా ఉన్నాయా?"

"ఉన్నాయా అంటారేమిటి!" అని అంగడివాడు తెర లాగాడు.

మూడు గోడలకూ నేల నుంచి కప్పు దాకా అరలు. అరల నిండా చిత్రికలు. మూరెడువి, జానెడువి, అరచేతిలో ఇమిడేవి. కొన్నిటికి ఏనుగు దంతపు నగిషీలు, కొన్నిటికి ఇత్తడి తొడుగులు, కొన్ని చేతుల రాపిడికి అద్దాల్లా మెరిసినవి. వాటి ఇనుప అలుగులన్నీ తుప్పుపట్టి నోళ్లు తెరుచుకుని రేచన వంకే చూస్తున్నట్టున్నాయి. ఏడేళ్లలో నోరు మూయించిన ఎన్ని వందల ఇళ్లో అక్కడ బారులు తీరి ఉన్నాయి.

రేచన ఒక్కొక్కటే చేతిలోకి తీసుకున్నాడు. "దీన్ని ఎటు పట్టుకుంటారయ్యా?" అని తలకిందులుగా పట్టుకుని అడిగాడు. "ఈ ఇనుపరేకు ఎందుకూ, కూరలు తరగడానికా?" అన్నాడు. అంగడివాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. రేచన వెతుకుతున్నది మాత్రం ఒక్కటే. తాతది ఎడమచేతి వాటం. ఏళ్ల తరబడి బొటనవేలు ఆనిన చోట గుంట పడి ఉండాలి, అదీ అందరి చిత్రికలకూ పడే వైపు కాకుండా రెండో వైపు. యాభై చూశాడు, వంద చూశాడు, నూటయాభై చూశాడు. అన్ని గుంటలూ కుడిచేతివాళ్లవే. ఎండ గడప దాటి లోపలికి జరుగుతోంది.

ఆశ వదులుకుని వెనక్కి తిరిగేసరికి కాలికి ఏదో తగిలింది. తలుపు కొట్టుకోకుండా అడ్డంపెట్టిన మురికిముద్ద. జానెడు పొడవు, చెదలు కొరికిన అంచులు, అలుగు మీద వేలెడు తుప్పు. అలుగును బిగించే చెక్క చీల ఊడిపోయి ఎన్నాళ్లయిందో. రేచన దాన్ని ఎత్తాడు. బొటనవేలు తనంతట తానే ఒక గుంటలోకి జారింది. గుంట రెండోవైపు ఉంది.

ఏడుపు తన్నుకొచ్చింది. దాన్ని దగ్గుగా మార్చి, "ఈ మురికిముద్ద కూడా చిత్రికేనా?" అన్నాడు.

"అది తలుపుకు అడ్డం దొరవారూ. వట్టి చెత్త."

"మా దీవిలో గాలి ఎక్కువ. తలుపులు ఊరికే కొట్టుకుంటున్నాయి. దీన్నే ఇవ్వు."

"అంతకన్నానా! ఆ బల్లమీద పెట్టండి, దుమ్ము దులిపి ఇస్తాను."

రేచన చిత్రికను బల్లమీద పెట్టాడు.

ఇక్కడ నేనొక మాట చెప్పాలి. మీరూ నేనూ అయితే దాన్ని ఇటుక పెట్టినట్టు అడుగు కిందికి వచ్చేలా పెడతాం. వడ్రంగి అలా పెట్టడు. చిత్రిక అడుగున అలుగు అంచు వెంట్రుకవాసి బయటికి ఉంటుంది. బోర్లా పెడితే ఆ అంచు చెడుతుంది. అందుకని వడ్రంగి బిడ్డ తినే మొదటి దెబ్బ చిత్రికను బోర్లా పెట్టినందుకే. ఆ తరవాత జన్మలో మరచిపోడు. నిద్రలో లేపి చేతికిచ్చినా పక్కకే పడుకోబెడతాడు. మొద్దుబారి, తుప్పుపట్టి, దేనికీ పనికిరాని ఆ చిత్రికను కూడా రేచన చెయ్యి మెల్లగా, ముద్దుగా పక్కకు పడుకోబెట్టింది.

అంగడివాడు తాంబూలం నమలడం ఆపేశాడు.

"దొరవారు భలే పడుకోబెట్టారే" అన్నాడు తీరిగ్గా. "కూరలు తరిగే రేకు కదా, అంత సుకుమారం ఎందుకో!"

రేచన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నీకు ముందు పద్దెనిమిది మంది వచ్చారు నాయనా. ఒకడు సన్యాసి వేషంలో, ఒకడు గుడ్డివాడిలా. ఒకడైతే పాపం చీర కట్టుకుని కూడా వచ్చాడు. మాట మార్చారు, నడక మార్చారు. చెయ్యి మాత్రం ఎవడికీ మారలేదు. ఈ పనిముట్లన్నీ కాల్చి పారేయకుండా ఎందుకు దాచాననుకున్నావు? మీరు వెతుక్కుంటూ వస్తారనే." పై అర వంక వేలు చూపించాడు. "ఎడమ చివర పద్దెనిమిది చూడు. అవి పాతవి కావు."

రేచన చూశాడు. ఆ పద్దెనిమిదింటికీ తుప్పు లేదు. చెక్క పచ్చిగా ఉంది. వాటి పక్కల మీద చెమట పట్టింది.

అంగడివాడి పొట్ట లోపలికి పోయింది. ఒళ్లు సాగి సాగి తల కప్పును తాకింది. ఎర్రటి నోట్లో పళ్లు రంపం పళ్లలా ఒకటి అటూ ఒకటి ఇటూ వంగి మెరిశాయి. క్రకచుడు! నడుముకు వేలాడే సంచిలోంచి గుప్పెడు రంపపు పొట్టు తీసి రేచన ముఖాన కొట్టాడు. "కాళ్లు వేళ్లగు, చేతులు కొమ్మలగు, నాలుక చేవదేరు!"

పొట్టు రేచన జుట్టులో, కనురెప్పల మీద, మెడ మడతల్లో పడింది. అతను కళ్లు మూసుకుని, అక్కను తలచుకుని, చావు కోసం ఎదురుచూశాడు. ఏమీ కాలేదు. కళ్లు తెరిస్తే క్రకచుడు తన ఖాళీ అరచేతి వంక అయోమయంగా చూసుకుంటున్నాడు.

అంత వెసులుబాటు చాలు. రేచన చిత్రికను చంకలో ఇరికించి, పాగా విప్పి మాంత్రికుడి ముఖాన చుట్టబెట్టి, ఒక్క దూకులో వీధిలో పడ్డాడు. ఎదురుగా పాత తలుపుల గొంది. గోడలు లేని తలుపులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒకటి తోసుకుని దూరాడు, వెనక మూశాడు, ఇంకోటి తోశాడు. వెనకనుంచి గర్... గర్... మని కోత చప్పుడు. క్రకచుడు తలుపులు తెరవడం లేదు, నిలువునా కోసుకుంటూ వస్తున్నాడు. పదో తలుపు దాటేసరికి చప్పుడు వీపు వెనకే వినబడింది. గొంది చివర చర్మం చినిగిన యుద్ధభేరి ఒకటి పడి ఉంది. రేచన దానిలోకి దూరి ముడుచుకున్నాడు. వెంటనే ఎవడో భటుడు "అడ్డం తీయండి!" అని భేరిని ఒక్క తన్ను తన్నాడు. అది దొర్లుకుంటూ, మెట్లు దిగుతూ, సంతలోని పాలరాతి అప్సరసలను పడగొడుతూ పోయి ఊరి చివర కాలవలో పడింది. రేచన నోటినిండా నీళ్లు, ఒంటినిండా దెబ్బలు. చంకలో చిత్రిక మాత్రం భద్రంగా ఉంది.

* * *

కాలవ ఒడ్డునే నాంచారమ్మ గానుగ శాల. ముసలిది, విధవరాలు, రెండు ఎడ్లూ ఒక గానుగా తప్ప లోకంతో పనిలేని మనిషి. చెంగల్వను బండిలో తెలకపిండి చెక్కల కింద దాచి ఊళ్లోకి తెచ్చింది ఆవిడే.

"వచ్చావా నాయనా! ఎంతసేపయ్యా, నా గుండెకాయ నోట్లోకి వచ్చింది" అని తలుపు గడియ పెట్టింది. "బెరడు కింది పెదవి దాకా వచ్చేసింది. పిల్ల మాటాడలేకపోతాంది."

చెంగల్వ గోడకు ఆనుకుని ఉంది. కళ్లూ ముక్కూ పై పెదవీ తప్ప మిగిలిందంతా గరుకు మాను. రేచన ఆమె ముందు కూలబడి, జరిగిందంతా చెప్పి, చివరికి "పక్కకు పడుకోబెట్టానక్కా" అన్నాడు సిగ్గుతో. ఆమె కళ్లు ఒక్క క్షణం నవ్వాయి. ఆ దెబ్బ చిన్నప్పుడు అతన్ని కొట్టింది ఆమే.

నవ్వుకు వ్యవధి లేదు. రేచన ఉంగరాలు ఊడబీకి పని మొదలుపెట్టాడు. అలుగును చింతపండు గుజ్జులో నానబెట్టి, ఇటుకపొడితో రుద్దాడు. తుప్పు ఎర్రగా కారింది, దాని కింద నల్లటి ఇనుము, ఇనుము కింద ఉక్కు మెరుపు. చెదలు తిన్న బొక్కల్లో లక్క కరిగించి పోశాడు. చిత్రిక అడుగు మీద బొగ్గుతో గీతలు గీసి, తడి ఇసుక చల్లిన బండమీద రుద్దాడు. గీతలు అంచుల్లో చెరిగి మధ్యలో మిగిలాయి, అంటే మధ్యలో పల్లం ఉందన్నమాట. మళ్లీ గీశాడు, మళ్లీ రుద్దాడు. ఏడోసారికి గీతలన్నీ ఒక్కసారే చెరిగిపోయాయి. నాంచారమ్మ పోసిన నువ్వుల నూనె తాగి చెక్క ఎర్రగా వెలిగింది. పాత చండ్రమాను చేవ. చివరికి అలుగును సానరాయి మీద నూరి ముంజేతి మీద ఆనించాడు. వెంట్రుకలు ఊదినట్టు రాలిపోయాయి. అప్పటికి పొద్దు పడమటి కిటికీలోకి వచ్చింది.

ఇక చీల ఒక్కటే తక్కువ. గబగబా తుమ్మచెక్కతో ఒకటి చెక్కి దిగేసి, గానుగ రోకలి మీద ఒక తోపు తోశాడు. చిత్రిక వణికింది. పొర లేవడానికి బదులు చెక్క పేళ్లుపేళ్లుగా చిరిగింది.

రేచన ముఖం పాలిపోయింది. "తాత చెప్పేవాడు. పరాయి చెక్క చీల దిగితే వెన్నచిత్రిక వణుకుతుందని. ఇలా వణికితే అక్క బెరడుతో పాటు తోలు కూడా ఊడొస్తుంది."

"మరి ఇంటి చెక్క యాడుంది నాయనా? మీ తాత పోయి ఎన్నేళ్లయిందో!"

ఇంటి చెక్క ఉంది. ఇద్దరికీ ఒక్కసారే తట్టింది. చెంగల్వ కళ్లు తమ్ముడి నడుము వంక పరుగెత్తి, అక్కడే భయంతో ఆగిపోయాయి.

వాళ్ల ఇంట్లో ఒక ఆచారం. కొత్త చిత్రిక చేసినప్పుడు దాని నోరు తొలిచిన ముక్కను ఆ ఏడు పుట్టిన బిడ్డ మొలతాడుకు కడతారు. వెన్నచిత్రిక చేసిన ఏడు పుట్టినవాడు రేచన. బొటనవేలంత చండ్రముక్క ఇరవై రెండేళ్లుగా అతని నడుమునే ఉంది. రేచన దాన్ని పట్టుకున్నాడు. అంగడిలో క్రకచుడు పొట్టు చల్లితే తనకెందుకు ఏమీ కాలేదో అప్పుడు అర్థమైంది. ఆ పద్దెనిమిది మందిలో ఎవరి నడుమునా ఇది లేదు. పొట్టు ఇంకా తన జుట్టులో ఉంది, మెడ మడతల్లో ఉంది, కాలవ నీళ్లకు కూడా పోలేదు.

చెంగల్వ కనుపాపలు అటూ ఇటూ కదిలాయి. వద్దు, వద్దు, వద్దు.

"ఊరుకో అక్కా" అన్నాడు రేచన. అతనికి చచ్చేంత భయంగా ఉంది. "చిన్నప్పటి నుంచి నువ్వు చెప్పినవన్నీ విన్నాను. ఈ ఒక్కటీ వినను."

మొలతాడు తెంపాడు.

చీలను చెక్కి దింపుతుంటేనే ఎడమ పాదం మొద్దుబారింది. కిందికి చూడలేదు. చూస్తే చెయ్యి వణుకుతుందని తెలుసు. అక్క ముందు మోకాళ్ల మీద కూచుని, ఆమె పెదవి దగ్గర బెరడు వాలు ఎటుందో వేలితో తడిమి, చిత్రిక ఆనించి తోశాడు. స్‌స్‌స్ మని సన్నటి పొర చుట్టలు చుట్టుకుంటూ లేచింది. దాని కింద ఎర్రగా, మెత్తగా మనిషి చర్మం.

"తమ్ముడూ..." అంది చెంగల్వ. పెదవి బిగిసినప్పటి నుంచి ఆమె అనలేకపోయిన మాట. "చాలురా, ఆపు! నీ కాళ్లు చూసుకో!"

"మాటాడకక్కా, గడ్డం కదులుతుంది."

మెడ, భుజాలు, చేతులు, నడుము. పొట్టు గుట్టపడుతోంది. రేచన మోకాళ్లు నేలకు పాతుకుపోయాయి, నడుము బిగిసింది, బెరడు చరచరా రొమ్ము మీదికి ఎక్కుతోంది. అక్క ఒంటి మీద వారం పట్టింది అతని ఒంటి మీద గడియలో ఎక్కుతోంది. చెంగల్వ తొడల దాకా వచ్చేసరికి మోచేతులు వంగలేదు. మోకాళ్ల దగ్గర చివరి పొర తోసి, అలవాటు తప్పకుండా చిత్రికను పక్కకు పడుకోబెట్టి, వేళ్లు ఎండుకొమ్మల్లా చాపుకుని అలాగే ఉండిపోయాడు.

అప్పుడు వీధి తలుపు బయట గర్... గర్... మంది.

"అవ్వా!" అని పిలిచింది ఒక తీయటి గొంతు. "మంచినీళ్లిస్తావా?"

నాంచారమ్మ ఎంత గట్టి మనిషో ఇప్పుడు చూడండి. రెండు చేతులతో పొట్టునంతా తెలకపిండి గంప కిందికి తోసి, తన పాత చీర చెంగల్వ ఒంటికి చుట్టి, మోకాళ్ల కింద మిగిలిన బెరడు మీద ఒక గోనె, రేచన తలమీద ఇంకో గోనె కప్పి, చిత్రికను ఆమె చేతిలో పెట్టింది. గంపలోంచి ఒక తెలకపిండి చెక్క తీసి ముందు పడేసింది. అప్పుడు వెళ్లి గడియ తీసింది.

క్రకచుడు మళ్లీ పొట్టిగా, బొద్దుగా మారి ఉన్నాడు. లోపలికొచ్చి చుట్టూ చూశాడు. మోకాళ్ల మీద వంగిన ఆకారంలో ఒక మొద్దు, దాని ముందు చిత్రికతో ఒక ఆడమనిషి. చెంగల్వ ముఖం అతనెప్పుడూ చూడలేదు, బెరడు పుట్టించింది దారి పక్క మొద్దే. పొద్దున తలుపుకు అడ్డంగా పడి ఉన్న మురికిముద్దనూ ఈ నిగనిగలాడే చిత్రికనూ ఒకటే అనుకోవడానికి వీలూ లేదు. కానీ చిత్రిక చిత్రికే కదా.

"అది ఇంట్లో ఉండకూడదని శాసనం లేదూ?"

"శాసనం సంగతి నాకేం తెలుసు సామీ" అంది నాంచారమ్మ. "తెలకపిండి గీరి ఎడ్లకు పెట్టుకుంటాం. అది నా కోడలు, కాళ్లు పడిపోయినయ్యి, కూచున్న చోటే పని."

"ఈ మొద్దు?"

"గానుగ రోకలికి తెచ్చుకున్నా."

క్రకచుడు ఒక కాలెత్తి రేచన భుజం మీద పెట్టి నిలబడ్డాడు. "మంచి చేవ ఉన్న మొద్దే" అన్నాడు మెచ్చుకుంటూ. గోనె చాటున బెరడు పై పెదవి దాటి ముక్కు వైపు పాకుతోంది. రేచన కళ్లు మూసుకున్నాడు. లోపల గుండె డప్పులా కొట్టుకుంటుంటే ఆ చప్పుడు మాంత్రికుడి అరికాలికి తెలిసిపోతుందేమోనని అతని భయం.

"అమ్మాయీ" అన్నాడు క్రకచుడు నవ్వుతూ. "కాస్త ఆ చిత్రిక కింద పెట్టు."

నాంచారమ్మ ఊపిరి తీయలేదు. చెంగల్వ చేతిలో చిత్రిక ఉంది. దానికి తమ్ముడు ఇప్పుడే పెట్టిన పదును ఉంది. తమ్ముడి ముఖం మీది బెరడు లేపాలంటే ఆ పదును ఉండి తీరాలి. పక్కన తెలకపిండి పగలగొట్టే నల్లబండ. ముప్పై ఏళ్లుగా తను ఒక్కసారి కూడా చేయని పని, తమ్ముణ్ణి కొట్టి మాన్పించిన పని చేయాలిప్పుడు. మణికట్టు దానంతట అదే పక్కకు తిరగబోయింది. చెంగల్వ దాన్ని బలవంతాన ఆపి, చిత్రికను బండమీద బోర్లా, ఇటుక పెట్టినట్టు టపీమని పెట్టింది.

కరక్కుమంది అలుగు.

ఆ చిన్న చప్పుడుకు మొద్దు లోపల రేచనకు ఏడుపొచ్చింది. చెంగల్వ పళ్ల బిగువున ఊరుకుంది. క్రకచుడి నవ్వు చప్పబడింది. కాలు దించి, "వట్టి మొరటు మనుషులు" అని విసుక్కుని, చెంబెడు నీళ్లు తాగి బయటికి నడిచాడు.

నడిచాడే గానీ పోలేదు. గానుగ శాల అరుగు మీద చతికిలబడి తాంబూలం చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

చెంగల్వ తమ్ముడి తలమీది గోనె లాగేసి, చిత్రిక ఎత్తి చూసింది. అలుగు అంచున మెంతిగింజంత పెచ్చు లేచిపోయింది. దీనితో తోస్తే తమ్ముడి ముఖం చీరుకుపోతుంది. బెరడు అప్పటికే ముక్కుపుటాల అంచు మీద ఉంది. నూరాలి, ఇప్పుడే నూరాలి. అలుగు విప్పి సానరాయి మీద ఒక్క రాపు రాసింది. చిర్రుమన్న చప్పుడు శాలంతా వినబడింది. బయట తాంబూలం నమలడం ఆగింది.

నాంచారమ్మ మరో ఆలోచన చేయలేదు. గానుగ కాడి భుజాన వేసుకుని, ఎద్దులా వంగి తిప్పసాగింది. కిర్ర్ర్... కిర్ర్ర్... మని గానుగ మొత్తుకుంది. ఆ మొత్తుకోలు చాటున చెంగల్వ నూరుతోంది. నూరుతూ తమ్ముడి ముక్కు వంకే చూస్తోంది. ఒక పుటం మూసుకుపోయింది. రెండోది సగం మూసుకుంది. అతని కళ్లు పెద్దవయ్యాయి. "ఇంకొక్కటిరా, ఇంకొక్కటి" అని గొణుగుతూ ఆమె వేళ్లు తెగుతున్నా రాపు ఆపలేదు. పెచ్చు ఆవగింజంత అయింది, తరవాత నూగంత అయింది, తరవాత లేదు.

కాడి కింద ముసలిది రొప్పుతోంది. బయటనుంచి ఆ తీయటి గొంతు వినబడింది.

"అవ్వా, నీ ఎడ్లు రెండూ ఇక్కడే నా పక్కన పడుకుని నెమరేస్తున్నాయి. లోపల గానుగ తిప్పుతున్నదెవరే?"

తలుపు మీద రంపం పడింది. చెంగల్వ అటు చూడలేదు. అలుగు దింపి, తమ్ముడి మొలతాడు చీలను అరచేత్తో గుద్ది బిగించి, అతని ముక్కు దగ్గర బెరడు వాలు వేలితో తడిమి, ఊపిరి బిగబట్టి ఒక్క తోపు తోసింది.